స్పీకర్లకు గది, హెడ్‌ఫోన్లకు చెవి

చుట్టూ అన్ని వైపుల నుంచీ వినపడే సరౌండ్ సౌండ్ కోసం హెడ్‌ఫోన్ కొనాలా, ఇంట్లో 5.1 స్పీకర్లు (ముందు ఎడమ, సెంటర్, కుడి, వెనక రెండు, బేస్‌కి ఒక సబ్‌వూఫర్) పెట్టించాలా అని అడిగితే ఎక్కువమంది డబ్బు లెక్క చెప్తారు. తక్కువుంటే హెడ్‌ఫోను, ఎక్కువుంటే స్పీకర్లు అంటారు. ఆ లెక్కతో కొన్నవాళ్లే తర్వాత బాధపడతారు. స్పీకర్ల సరౌండ్‌ని చెడగొట్టేది గది. హెడ్‌ఫోన్ సరౌండ్‌ని చెడగొట్టేది, మన చెవి వేరొకరి చెవిలా లేకపోవడం. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో మొదటి జబ్బు బాగా ముదిరి ఉంటుంది కాబట్టి ఇక్కడ దాని గురించే ఎక్కువ చెప్పాలి.

ముందు చెవి సంగతి. కుడిపక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. సరిగ్గా పక్కనుంచి వచ్చినా ఆ తేడా సుమారు 0.65 మిల్లీసెకన్లే. మెదడుకి ఆ మాత్రం చాలు. తల అడ్డం వస్తుంది కాబట్టి అవతలి చెవికి ట్రెబుల్, అంటే కీచు శబ్దం, కాస్త తగ్గి వినపడుతుంది. ఈ రెండు గుర్తులతో కుడి ఎడమలు తేలిపోతాయి. ముందు నుంచా వెనక నుంచా, పైనుంచా కిందనుంచా అన్నది మాత్రం చెవి దొప్ప మడతలు చెప్తాయి. సుమారు 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఆ మడతలు కొంత శబ్దాన్ని మింగేస్తాయి, కొంత పెంచుతాయి. దిక్కు మారితే మింగే చోటు మారుతుంది. మన దొప్ప లెక్క మన మెదడుకి చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. అప్పటికీ అనుమానం ఉంటే తెలియకుండానే తల కొంచెం తిప్పుతాం, తేలిపోతుంది.

స్పీకర్లతో ఇదంతా ఉచితంగా జరుగుతుంది. వెనక ఉన్న స్పీకర్ నిజంగానే వెనక ఉంది, శబ్దం నిజంగానే మన దొప్పకు తగిలి లోపలికి పోతుంది. హెడ్‌ఫోన్‌లో దొప్ప పక్కనే డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) ఉంటుంది, తల తిప్పితే అదీ తిరుగుతుంది. అందుకే మామూలు స్టీరియో పాట తల లోపల, రెండు చెవుల మధ్య గీత గీసినట్టు వినపడుతుంది. సరౌండ్ చేయాలంటే ఆ మడతలు చేసే పనిని సాఫ్ట్‌వేర్ ముందే చేసి పంపాలి. దాన్నే హెచ్‌ఆర్‌టిఎఫ్ అంటారు. చాలావరకు అది కొలత కోసం తయారుచేసిన నకిలీ తల మీదో, ఇంకెవరి చెవి మీదో కొలిచింది. ఆ చెవి మీ చెవికి దగ్గరగా ఉంటే హెలికాప్టర్ వెనక నుంచి ముందుకి పోతుంది. దూరంగా ఉంటే ముందు నుంచి రావాల్సిన డైలాగు నుదుటి మీదో నడినెత్తి మీదో కూర్చుంటుంది. ముందూ వెనకా తారుమారవడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం.

కాబట్టి ఒకే హెడ్‌ఫోన్ గురించి ఒకరు అద్భుతం అనీ, ఇంకొకరు మోసం అనీ రాస్తే ఇద్దరూ నిజమే చెప్తున్నారు. రివ్యూ చూసి స్పీకర్ కొనొచ్చు. వర్చువల్ సరౌండ్‌ని మాత్రం సొంత చెవితో పరీక్షించకుండా నమ్మకూడదు.

ఆ పరీక్ష ఇట్టా చేయాలి. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, దాని మీద హెసువి అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే పదుల కొద్దీ వేర్వేరు హెచ్‌ఆర్‌టిఎఫ్‌లు ఒకచోట దొరుకుతాయి. సౌండ్ పరికరాన్ని 7.1గా (5.1కి ఇంకో రెండు స్పీకర్లు కలిపి) కాన్ఫిగర్ చేయాలి, లేకపోతే లోపలికి వచ్చేదే రెండు ఛానళ్లు, అంటే కుడి ఎడమల శబ్దాలే. తర్వాత ఛానళ్ల పేర్లు ఒక్కొక్కటీ పలికే టెస్ట్ ఫైల్ పెట్టి కళ్లు మూసుకుని వినాలి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ముందు సెంటర్‌నూ వెనక ఛానళ్లనూ వరస తప్పించి వాళ్లని ప్లే చేయమనండి. వినపడిన దిక్కు మీరు చేత్తో చూపించాలి. పదిసార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా చూపించగలిగితే ఆ ప్రీసెట్ (మీరు ఎంచుకున్న హెచ్‌ఆర్‌టిఎఫ్) మీ చెవికి కుదిరినట్టే. సెంటర్ ఛానల్ తల బయటికి, కనీసం ముక్కు ముందుకి వచ్చిందా అన్నదే అసలు గీటురాయి. పక్కల సంగతి దాదాపు అన్ని ప్రీసెట్లూ బాగానే చేస్తాయి, వాటిని చూసి మురిసిపోకూడదు. ఈ ప్రోగ్రాంలో లోపలికి వచ్చే శబ్దం బలాన్ని మార్చే ప్రీ-యాంప్‌ని మైనస్ 6 డెసిబెల్స్ లేదా ఇంకా కిందకి దించడం మర్చిపోవద్దు. ఏడెనిమిది ఛానళ్లు రెండుగా కలిసేటప్పుడు పెద్ద శబ్దాలు పగులుతాయి, ఆ తప్పుని జనం హెడ్‌ఫోన్ మీద వేస్తారు.

అంత పని వద్దనుకుంటే విండోస్‌లోనే విండోస్ సోనిక్ ఉచితంగా ఉంది. డాల్బీ యాక్సెస్, డిటిఎస్ సౌండ్ అన్‌బౌండ్ డబ్బు కట్టి తీసుకునేవి. ఏది పెట్టినా ఒకటే పెట్టండి. హెడ్‌ఫోన్ కంపెనీ ఇచ్చిన 7.1 మీట ఒకవైపు, విండోస్ సోనిక్ లాంటిది ఇంకోవైపు, గేమ్ లోపల 3డి ఆడియో మరోవైపు ఆన్ చేసుకుని, శబ్దం బావిలోంచి వస్తున్నట్టుందని చెప్పేవాళ్లు చాలామంది. ఒకసారి దొప్ప లెక్క వేసిన శబ్దానికి మళ్లీ దొప్ప లెక్క వేస్తే అట్టానే ఉంటుంది. గేమ్‌లోనే సొంతంగా హెడ్‌ఫోన్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి మిగతావన్నీ ఆఫ్ చేయడం మేలు. గేమ్‌కి ప్రతి శబ్దమూ ఎక్కడుందో తెలుసు, బయటి ప్రోగ్రాంకి చాలావరకు ఏడు ఛానళ్లే తెలుసు.

ఇంకో పెద్ద పొరపాటు, స్టీరియోకి సరౌండ్ మీట నొక్కడం. ఫోన్‌లో డాల్బీ మీట ఆన్ చేసి రెండు ఛానళ్ల పాట వింటే అది కాస్త వెడల్పవుతుంది, అంతే. 8డి ఆడియో పేరుతో తిరిగే పాటలు కూడా స్టీరియో పాటని కుడి ఎడమలకు తిప్పినవే. నిజమైన సరౌండ్ వినాలంటే లోపలికి వచ్చే ఫైలు 5.1, 7.1 లేదా అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ పద్ధతి) అయ్యుండాలి. బ్రౌజర్‌లో సినిమా పెడితే చాలాసార్లు స్టీరియోనే వస్తుంది.

లోపల నాలుగైదు చిన్న డ్రైవర్లు పెట్టి నిజమైన 7.1 హెడ్‌ఫోన్ అని అమ్మేవి వద్దు. రెండంగుళాల కప్పులో వెనక డ్రైవర్‌కీ ముందు డ్రైవర్‌కీ మధ్య దూరం లేదు, దాన్ని చెవి నమ్మదు. ఒక్కో వైపు ఒక్క మంచి డ్రైవర్ ఉన్న స్టీరియో హెడ్‌ఫోన్ మీద సాఫ్ట్‌వేర్ సరౌండ్ చాలా మెరుగు. బేస్ బాగా పెంచిన హెడ్‌ఫోన్లు కూడా ఈ పనికి కొరగావు. పైనా కిందా చెప్పే సన్న గుర్తులు ట్రెబుల్‌లో ఉంటాయి, బేస్ వాటిని కప్పేస్తుంది.

తల తిప్పితే శబ్దం టీవీ దగ్గరే ఆగేలా చేసే హెడ్ ట్రాకింగ్ ఉన్నవి వేరే తరగతి. ఆపిల్ 2020లో ఎయిర్‌పాడ్స్ ప్రోకి దీన్ని ఇచ్చింది. 2022లో ఐఓఎస్ 16తో ఫోన్ ముందు కెమెరాతో చెవిని చూసి లెక్క మార్చుకునే పద్ధతి కూడా తెచ్చింది. ముందూ వెనకా తారుమారవడాన్ని తగ్గించడానికి హెడ్ ట్రాకింగ్‌ని మించింది లేదు. ఇందాక చెప్పినట్టు, అనుమానం వచ్చినప్పుడు మనం చేసే పని తల తిప్పడమే కదా.

ఇక గది. మన వైపు కొత్త ఇల్లంటే సిమెంటు పూత గోడలు, కాంక్రీటు స్లాబు, కింద టైల్సో గ్రానైటో. చీమకుర్తి గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది, మన హాల్లోనూ ఉంటుంది. కంటికి అద్దంలా ఉన్నది చెవికీ అద్దమే. నున్నటి రాయి, పూత గోడ తమ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే మింగుతాయి, మిగతాది వెనక్కి కొడతాయి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గదిని తీసుకోండి. లోపలి ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు, మొత్తం ఉపరితలం 63 చదరపు మీటర్లు. సామాను లేకుండా ఉంటే ఒక చప్పుడు పూర్తిగా అణిగిపోవడానికి రెండు సెకన్లు దాటుతుంది. సినిమా డైలాగు స్పష్టంగా ఉండాలంటే అది అర సెకను లోపు రావాలి. ఖాళీ గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనక ట్ర్‌ర్ అని లోహపు తోక వినపడితే ఎదురెదురు గోడలు దాన్ని బంతిలా ఆడుకుంటున్నాయన్నమాట. ఆ గదిలో లక్ష రూపాయల స్పీకర్లు పెట్టినా వెనక ఛానళ్లకు దిక్కుండదు. ప్రతి గోడా ఒక స్పీకరే అవుతుంది మరి.

మందు ఖరీదైనది కాదు. ఆరడుగుల మంచం మీద మందపాటి పరుపు ఉంటే చాలా మేలు, బూరుగు దూది పరుపైతే మరీ మంచిది. కిటికీకి సన్న తెర బదులు గోడ సగం కప్పేలా మందపాటి తెర మడతలతో వేలాడదీయాలి. తర్వాత 50 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వుల్ (రాతి పోగులతో చేసిన దూది లాంటిది) పలకలు తెచ్చి, 2 అడుగుల వెడల్పు 4 అడుగుల పొడవు చెక్క చట్రాల్లో బిగించి, ఊదితే గాలి ఆడే బట్ట కప్పి, గోడకి ఒక అంగుళం ఎడంగా తగిలించాలి. అట్టాంటివి ఆరు చేస్తే పరుపు, తెరలతో కలిపి పైన చెప్పిన గది అర సెకను దరిదాపుకి దిగుతుంది. రాక్‌వుల్ ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి, దురద మామూలుగా ఉండదు. మొదటి పలక ఎక్కడ పెట్టాలో అద్దం చెప్తుంది. మీరు కూర్చునే చోట కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుతూ పోవాలి. అద్దంలో ముందు స్పీకర్ ఎక్కడ కనపడితే అక్కడే పలక. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ పనికిరావు. అవి గోడ అందం చెడగొట్టడం తప్ప శబ్దాన్ని ఏమీ చేయలేవు.

బేస్ కథ వేరు. దానికి ఈ పలకలు చాలవు, అక్కడ గది కొలతలే మాట్లాడతాయి. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అలకు గది ఊగుతుంది. 10 అడుగులకి అది 56 హెర్ట్జ్, 12 అడుగులకి 47. పైన చెప్పిన గదిలో వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే కాబట్టి 56 హెర్ట్జ్ రెండు దిక్కులా ఊగి ఒకదాని మీద ఒకటి పడుతుంది. సబ్‌వూఫర్ బూమ్ బూమ్ అని ఒకే స్వరం మీద మోగుతోందని తిట్టేది ఇందుకే, పాపం దాని తప్పేం లేదు. చతురస్రపు గది మరీ కష్టం. పొడవులో సరిగ్గా సగం దగ్గర కూర్చుంటే మొదటి స్వరం మాయమవుతుంది, వెనక గోడకి తల ఆనిస్తే అన్నీ ఉబ్బుతాయి. గోడ నుంచి ఒకటిన్నర అడుగు ముందుకి జరిగినా తేడా తెలుస్తుంది.

సబ్‌వూఫర్ పెట్టే చోటు వెతకడానికి పాత ఉపాయం ఒకటుంది. సబ్‌ని మీరు కూర్చునే కుర్చీలో పెట్టి, బేస్ మెట్లు దిగే పాటొకటి తిప్పుతూ, మీరు గోడ వెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. అన్ని స్వరాలూ ఒకే బలంతో వినపడిన చోట సబ్ పెట్టేయాలి. ఈక్వలైజర్‌తో ఉబ్బిన స్వరాన్ని తగ్గించొచ్చు గానీ మాయమైన స్వరాన్ని పెంచబోతే యాంప్లిఫయరే అలసిపోతుంది, గుంత నిండదు. హెడ్‌ఫోన్‌కి ఈ గొడవ ఏదీ లేదు. మంచి హెడ్‌ఫోన్ 20, 30 హెర్ట్జ్ దాకా శుభ్రంగా దిగుతుంది. అయితే అది చెవికే వినపడుతుంది, రొమ్ము మీద తగలదు. సూళ్లూరుపేటలో 2019లో మొదలైన వి ఎపిక్‌లాంటి పెద్ద తెర హాల్లో కుర్చీ అదిరే అనుభవం కావాలనుకునేవాళ్లకి హెడ్‌ఫోన్ ఎంత మంచిదైనా ఆ ఒక్కటీ ఇవ్వలేదు.

స్పీకర్లు పెట్టే కొలతలు. ముందు కుడి ఎడమలు మీ ముఖానికి చెరో 30 డిగ్రీల్లో ఉండాలి. కోణమానిని అక్కర్లేదు. మీకూ స్పీకర్‌కీ మధ్య 8 అడుగులైతే రెండు స్పీకర్ల మధ్య కూడా 8 అడుగులు ఉంటే సరిపోతుంది. సరౌండ్లు (వెనక స్పీకర్లు) 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవికి కాస్త వెనక్కి. మన హాళ్లలో దివాన్ వెనక గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి వెనక చోటుండదు. అప్పుడు సరౌండ్లను సరిగ్గా పక్కకి, చెవికంటే అడుగున్నర ఎత్తులో పెట్టి, మూతిని మీ తల మీదుగా అవతలికి చూసేలా తిప్పండి. వాటిని ముందుకి తెచ్చి టీవీ పక్కన పెట్టడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

సెంటర్ స్పీకర్‌ని షోకేసు గూట్లోకి తోసేయకండి. గూడు పెట్టెలా మోగి మగ గొంతులన్నీ ముక్కుతో మాట్లాడినట్టవుతాయి. గూటి అంచుకంటే ఒక అరంగుళం బయటికి లాగి, ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి మూతి మీ చెవి వైపు ఎత్తండి. డబ్బు కొద్దిగా ఉంటే ఐదు స్పీకర్లకు పంచకండి. ముందు మూడూ, సబ్‌వూఫరూ మంచివి తెచ్చుకుని, సరౌండ్లు రెండో ఏడు కొనుక్కోవచ్చు. సినిమాలో డైలాగంతా దాదాపు సెంటర్‌లోనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ చాప మీద, కుర్చీల్లో తలో చోట కూర్చున్నా గొంతు తెర మీదనుంచే రావాలంటే ఆ స్పీకరే దిక్కు. సెంటర్ లేని సెట్టులో ఎడమవైపు కూర్చున్నవాళ్లకి గొంతంతా ఎడమ స్పీకర్‌లోకి పోతుంది.

అట్మాస్ పై స్పీకర్ల గురించి ఒక మాట. స్లాబుకి కొట్టి కిందకి తెచ్చే పై చూపు స్పీకర్లకి చదునైన, గట్టి కప్పు ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. మన 10 అడుగుల స్లాబు దీనికి బాగా పనికొస్తుంది. పెంకుటింట్లో, రేకుల కప్పు కింద వద్దు, వాలుకి శబ్దం ఎటో పోతుంది. స్లాబైనా సరే, శబ్దం కప్పుకి తగిలే దారిలో ఫ్యాను రెక్కలు ఉండకూడదు. పీఓపీ సీలింగ్ వేయిస్తున్నవాళ్లైతే ఆ పనిలోనే వైర్లు లాగించి కప్పులో రెండు స్పీకర్లు పెట్టించుకోండి. తలకి ఒక అడుగు ముందుగా, ముందు కుడి ఎడమ స్పీకర్ల వరసలోనే.

ఫ్యాను అన్నాం కాబట్టి దాని అసలు సంగతి. మేలో నెల్లూరులో ఫ్యానో ఏసీనో లేకుండా రెండున్నర గంటలు కూర్చోలేం. ఆ హోరు సినిమాలో సన్నటి శబ్దాలన్నిటినీ మింగేస్తుంది. సరౌండ్ ఛానళ్లలో ఎక్కువ భాగం ఆ సన్నటివే, ఆకుల గలగల, దూరపు రోడ్డు, చినుకులు. స్పీకర్ల వాల్యూం పెంచి ఫ్యానుతో పోటీ పడతాం, దాంతో తుపాకీ మోగినప్పుడు పక్కింటివాళ్లు లేస్తారు. మూసిన కప్పుల హెడ్‌ఫోన్ ఇక్కడ గెలుస్తుంది, బయటి హోరుని చాలావరకు ఆపుతుంది. కానీ గంటలో చెవులు చెమటతో తడుస్తాయి. వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ సరౌండ్‌కి సహజంగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ఫ్యాను హోరు కూడా లోపలికి వస్తుంది. ఏసీ గది ఉంటే ఓపెన్, ఫ్యాను గది అయితే మూసిన కప్పులకు వెల్వెట్ లేదా బట్ట ప్యాడ్లు మార్చుకుని వాడటం, ఇదీ నా సలహా. తోలులా కనపడే ప్యాడ్లు మన ఉక్కపోతకి ఊరికే పొరలుగా రాలిపోతాయి.

తీగల విషయంలో అబద్ధాలు ఎక్కువ, నిజం చిన్నది. స్పీకర్ తీగ రాగిది, 1.5 చదరపు మిల్లీమీటర్లదైతే 10 మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపి పావు ఓమ్ లోపే ఉంటుంది, 8 ఓముల స్పీకర్‌కి అది లెక్కలోది కాదు. సెట్టుతో వచ్చే సన్న తీగని అంత దూరం లాగితే అర ఓమ్ దాటిపోతుంది, బేస్ వదులైపోతుంది. మైపాడు, కొత్తపట్నంలాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది. ఏడాదికొకసారి కొసలు అరంగుళం కోసి కొత్త రాగి తేల్చి బిగించాలి, లేదా తగరం పూత ఉన్న తీగ వాడాలి. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌దైతే తేమకి కొన్నేళ్లలో పొడి అవుతుంది, రబ్బరుదే తీసుకోండి. సబ్‌వూఫర్ గొట్టానికి లోపలివైపు దోమల జాలీ ముక్క బిగించండి. బల్లులూ బొద్దింకలూ ఆ వెచ్చటి పెట్టెని వదలవు, సర్క్యూట్ బోర్డు మీద బల్లి చచ్చి యాంప్లిఫయర్ పోవడం మన వైపు కొత్తేం కాదు.

కరెంటు గుర్రు. స్పీకర్లలో సన్నగా గుంయ్ అని 50, 100 హెర్ట్జ్ మోగుతుంటే కేబుల్ టీవీ తీగ పీకి చూడండి. ఆగిపోతే దోషం ఆ తీగతో వచ్చే రెండో ఎర్త్‌ది, తీగకి ఐసొలేటర్ పెడితే పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను కోసేసే ఉపాయం ఎవరు చెప్పినా వినకండి, ప్రాణం మీదకొస్తుంది. ఎండాకాలం ఎర్త్ గుంట ఎండిపోతుంది, బకెట్ నీళ్లు పోయడం మానొద్దు. చదరపు అల ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ గీపెడుతుంది, సైన్ వేవ్‌దే వాడాలి.

వాట్ల మాట. ఐదువేల వాట్ల పీఎంపీఓ అని డబ్బా మీద రాసిన సెట్టు వెనక చీటీలో కరెంటు వాడకం 60 వాట్లని ఉంటే దానిలోంచి 60 వాట్లకి మించి రాదు. ఊళ్లో అసెంబుల్ చేసే 5.1 యాంప్లిఫయర్లు మంచి ట్రాన్స్‌ఫార్మర్‌తో గట్టిగానే మోగుతాయి. కానీ చాలావాటిలో డిజిటల్ డీకోడర్ (సరౌండ్ ఫైలుని విడివిడి ఛానళ్లుగా విప్పే భాగం) ఉండదు. కుడి నుంచి ఎడమను తీసేసి వెనక స్పీకర్లకి, రెంటినీ కలిపి సెంటర్‌కి పంపుతాయి. పాటలకి సరదాగా ఉంటుంది, సరౌండ్ సినిమాకి అది సరౌండ్ కాదు. హెచ్‌డిఎంఐ ఇన్‌పుట్, లోపల డాల్బీ డీకోడర్ ఉన్నాయా అని అడిగి తెలుసుకోండి.

టీవీ నుంచి శబ్దం తెచ్చే దారి కూడా చూడాలి. ఓటీటీ సినిమాలు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తాయి. అది ఆప్టికల్ తీగలో పట్టదు, హెచ్‌డిఎంఐ ఆర్క్‌లో (టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డిఎంఐ సాకెట్) పడుతుంది, ఓటీటీ అట్మాస్ కూడా అందులోనే వస్తుంది. బ్లూరే డిస్క్‌లోని ట్రూహెచ్‌డి టీవీ గుండా రావాలంటే అంతకంటే పెద్ద దారి, ఇ-ఆర్క్ కావాలి. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్లే పంపుతాయి. దాన్ని ఆటో లేదా పాస్‌త్రూ చేయండి. రిసీవర్ (డీకోడర్ ఉన్న యాంప్లిఫయర్) తెర మీద డాల్బీ పేరు వెలిగిందా లేదా అన్నదే సాక్ష్యం. బ్లూటూత్‌లో మామూలుగా రెండు ఛానళ్లే పోతాయి, పైగా వందా రెండు వందల మిల్లీసెకన్లు ఆలస్యం, పెదవులకీ మాటకీ కుదరదు. టీవీకి వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కావాలంటే సొంత 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నది చూడండి.

రిసీవర్‌తో వచ్చే మైకుతో క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు ఫ్యాను, ఏసీ ఆపేయాలి. మైకుని దివాన్ మీద పడేయకుండా చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టాలి. అది అయ్యాక మెనూలోకి పోయి అన్ని స్పీకర్లనూ స్మాల్ చేసి, క్రాసోవర్ (ఏ హద్దు కింది బేస్ సబ్‌కి పోవాలో చెప్పేది) 80 హెర్ట్జ్ పెట్టండి. పెద్ద స్పీకర్లకి చాలాసార్లు రిసీవర్ లార్జ్ అని పెట్టేస్తుంది, దాంతో సబ్ సగం పని మానేస్తుంది. సబ్ దూరం అసలుకంటే నాలుగైదు అడుగులు ఎక్కువ చూపిస్తే దిద్దకండి, సబ్ లోపలి ఆలస్యాన్ని అది అట్టా లెక్కేసుకుంది. సబ్ వెనక ఉన్న సొంత క్రాసోవర్ బిరడాని చివరిదాకా తిప్పేయాలి. రెండుచోట్ల కోస్తే మధ్యలో గుంత పడుతుంది.

హెడ్‌ఫోన్‌లో వాల్యూం తెలియకుండా పెరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. పిల్లలు రాత్రిళ్లు గేములాడే ఇంట్లో ఫోన్‌లో వాల్యూం పరిమితి పెట్టడం పెద్దవాళ్ల పని.

రెంటినీ పోల్చి నిర్ణయించుకోవాలంటే వాల్యూం సమానం చేయకుండా పోల్చకండి, పెద్దగా మోగేదే బాగున్నట్టనిపిస్తుంది. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో మీరు కూర్చునే చోట ఒక్కో స్పీకర్‌నీ టెస్ట్ శబ్దంతో 75 దగ్గరికి తెండి. యాప్ కచ్చితంగా ఉండదు గానీ ఒకదానితో ఒకటి పోల్చడానికి చాలు. హెడ్‌ఫోన్‌ని ఒక కప్పు తీసి, పెట్టి, స్పీకర్ల వాల్యూంకి చెవితోనే సరిచేసుకోండి. వాన పడే సీను ఒకటి, గుంపులో మాటల సీను ఒకటి, వాహనం వెనక నుంచి ముందుకి పోయే సీను ఒకటి చాలు. వానలో హెడ్‌ఫోన్, మాటల్లో స్పీకర్లు నెగ్గుతాయి. ఇది చాలా ఇళ్లలో జరిగేదే. వాహనం దగ్గరే గది, చెవి బయటపడతాయి. స్పీకర్లలో వాహనం మధ్యలో మాయమై మళ్లీ తేలితే సరౌండ్ల ఎత్తూ వాల్యూమూ సరిచేయాలి. మాటలు సెంటర్‌లో కాక గది అంతా పరుచుకుని, బేస్ పలచగా అనిపిస్తే ఏదో ఒక స్పీకర్‌కి ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. తీగని యాంప్లిఫయర్ నుంచి విప్పి, ఆ కొసకి ఒకటిన్నర వోల్టు బ్యాటరీ ప్లస్సుని ఎర్ర తీగకీ మైనస్‌ని నల్ల తీగకీ ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సరి, లోపలికి పోతే ఆ స్పీకర్ వెనక తీగలు మార్చాలి.